చూస్తూ నిలబడినవాళ్లు

(ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం, 'రూట్స్' టీవీ సీరియల్ రెండో భాగం ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇక్కడ ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఓ ఇరవై నిమిషాలు నేను మాట్లాడతాను. ఆ తర్వాత లైట్లు తీసేసి బొమ్మ వేస్తారు.

మీలో చాలామంది 'ఏడు తరాలు' చదివే ఉంటారు. అమెరికా రచయిత అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్' నవలను సహవాసి గారు తెలుగులోకి తెస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు వేశారు. నాకు ఆ పుస్తకం ఇంటర్ చదివే రోజుల్లో దొరికింది. హాస్టల్లో గదులన్నీ తిరిగి తిరిగి నా చేతికి వచ్చేసరికి అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు కొన్ని చిరిగిపోయాయి. అందుకని కథానాయకుడు కుంటా కింటే, ఆఫ్రికాలోని గాంబియా నుంచి అమెరికాకి బానిసగా ఎత్తుకొచ్చినవాడు, నాకు పెరిగిన కుర్రాడిగానే పరిచయమయ్యాడు. అతనికి ఆ పేరు ఎలా పెట్టారో చాలా ఏళ్ల దాకా నాకు తెలియదు. ఉద్యోగం వచ్చాక కొత్త పుస్తకం కొనుక్కుని చదివితే అప్పుడు తెలిసింది. పుట్టిన ఎనిమిదో రోజున, ఊరివాళ్లంతా చుట్టూ ఉండగా, తండ్రి ఒమొరో బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి ఆ పేరు మూడుసార్లు చెప్తాడు. ఎవరి పేరు వాళ్లే ముందు వినాలి, ఊరు వినడం ఆ తర్వాతే. మన బారసాలలో బియ్యంలో పేరు రాసి బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్తాం కదా, అచ్చం అలాగే. ఎక్కడి గాంబియా, ఎక్కడి మన ఊళ్లు! ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పేరు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

కథ మీకు తెలుసు కాబట్టి ఇవాళ కథ చెప్పను. ఆ కథను టీవీలో చూసినవాళ్ల గురించి చెప్తాను. చూశాక వాళ్లకేమైంది, వాళ్లేం చేశారు అన్నదే నాకు ముఖ్యం.

1977 జనవరి 23 ఆదివారం రాత్రి అమెరికాలో ఏబీసీ అనే ఛానెల్ మొదటి భాగం వేసింది. జిమ్మీ కార్టర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసి అప్పటికి మూడు రోజులే అయింది. జనవరి 30 దాకా వరసగా ఎనిమిది రాత్రులు వేశారు, ప్రకటనలతో కలిపి 12 గంటలు. అప్పట్లో రాత్రిపూట సీరియల్ అంటే వారానికి ఒక రోజు వచ్చేది. రోజూ వెయ్యడం కొత్త. ఇలా వేయించిన, ఆ ఛానెల్ కార్యక్రమాల పెద్ద ఫ్రెడ్ సిల్వర్‌మన్ ధైర్యాన్ని మెచ్చుకున్నవాళ్లున్నారు. అయితే ఛానెల్ వాళ్లకి లోపల భయం ఉందని, జనం చూడకపోతే ఆ నష్టమేదో ఒక్క వారంలో తేలిపోతుందనీ, ప్రేక్షకుల లెక్కలు కీలకమైన ఫిబ్రవరికి ముందే వదిలించుకుందామనీ అలా చేశారని కూడా చెప్తారు. భయమెందుకంటే, తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న దేశంలో నల్లజాతి కుటుంబం కథను, అదీ బానిసత్వం కథను, రాత్రి భోజనాల వేళ ఎవరు చూస్తారు అని.

ఆ భయం సీరియల్లోనే కనిపిస్తుంది. జనానికి బాగా తెలిసిన, జనం ఇష్టపడే తెల్ల నటుల్ని ఏరి ఏరి యజమానుల పాత్రలకి పెట్టారు. బానిసల ఓడ కెప్టెన్‌గా వేసినాయన ఎడ్ ఆస్నర్. ఆ రోజుల్లో ఇంటింటా తెలిసిన హాస్య సీరియల్ నటుడు. ఈ కెప్టెన్ తాను చేస్తున్న పని తప్పని తెలిసి నలిగిపోతుంటాడు. నవల నిండా కుంటా కళ్లతోనే ఓడను చూస్తాం, అక్కడ కెప్టెన్ మనస్సాక్షికి చోటే లేదు. తెల్ల ప్రేక్షకుడు తనను తాను పెట్టుకుని చూడ్డానికి ఒక మనిషి కావాలని టీవీ వాళ్లు ఆ పాత్రను పెంచారు. ఇది నాకు నచ్చలేదు. గొలుసులతో ఓడ అడుగున పడి ఉన్నవాడి బాధ ముందు, పైన గదిలో కూర్చున్నవాడి మథనానికి అంత సేపు ఇవ్వక్కర్లేదు.

కానీ జనం చూశారు. చివరి భాగాన్ని దాదాపు 3 కోట్ల 63 లక్షల ఇళ్లలో చూశారు. ఆ రాత్రి అమెరికాలో టీవీ ఆన్ అయి ఉన్న ప్రతి 100 ఇళ్లలో 71 ఇళ్లలో ఇదే నడుస్తోంది. సుమారు 10 కోట్ల మంది. అప్పటి అమెరికా జనాభా 22 కోట్లు, అంటే ఇంచుమించు దేశంలో సగం. ఆ నెలలో విపరీతమైన చలి, న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో నగరం 28వ తేదీ నుంచి మంచు తుఫానులో కూరుకుపోయింది. చలికి ఇళ్లు కదల్లేక చూశారని కొందరన్నారు. కొంత నిజమే కావచ్చు. చలికి ఇంట్లో ఉన్నవాడు వేరే ఛానెల్ పెట్టుకోవచ్చు కదా మరి!

ఇంకో సంగతి. అప్పటికి రికార్డు చేసుకునే యంత్రాలు చాలా కొద్ది ఇళ్లలో ఉండేవి. అందుకని అందరూ ఒకేసారి, ఒకే రాత్రి చూశారు. పొద్దున లేచి బస్సులో, ఆఫీసులో, బడిలో పక్కపక్కన కూర్చునే నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ముందు రాత్రి ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఇళ్లలో చూసి వచ్చారు. ఆ పొద్దుటి మౌనం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు ఇవాళ మీరు చూడబోయే దృశ్యం దగ్గరికి వస్తాను. రెండో భాగం చివర్లో ఉంటుంది. కుంటా పారిపోతాడు, పట్టుబడతాడు. తోటలో రెండు చేతులూ పైకి కట్టి వేలాడదీస్తారు. బానిసలందర్నీ పిలిచి చుట్టూ నిలబెడతారు. యజమాని పెట్టిన పేరు టోబీ. కాపలాదారు అడుగుతాడు, నీ పేరేమిటి అని. కుంటా, కుంటా కింటే అంటాడు. కొరడా పడుతుంది. మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే జవాబు. మళ్లీ కొరడా. కుంటాగా వేసిన లెవార్ బర్టన్‌కి అప్పటికి 19 ఏళ్లు, కాలేజీ కుర్రాడు, తెర మీద అదే మొదటి పాత్ర. చివరికి మెడ వాలిపోయి, నోట్లోంచి మాట రాని స్థితిలో, టోబీ అంటాడు. వినపడలేదు, గట్టిగా చెప్పమంటాడు కాపలాదారు. అందరికీ వినపడేలా ఇంకోసారి చెప్పిస్తారు. కట్లు విప్పాక ఫిడ్లర్ అనే ముసలాయన పరిగెత్తుకొచ్చి ఒళ్లోకి తీసుకుంటాడు. లూయిస్ గాసెట్ జూనియర్ వేశారు ఆ పాత్ర. వాళ్లు ఏమని పిలిస్తే నీకేంటి, నువ్వు కుంటావే అన్న ధోరణిలో చెవి దగ్గర చెప్తాడు, ఇంకో రోజు వస్తుందంటాడు. ఇక్కడ ఆ బారసాల గుర్తొస్తుంది నాకు. మొదట తండ్రి చెవిలో చెప్పిన పేరు. ఊరివాళ్లంతా చూస్తుండగా పెట్టిన పేరును మళ్లీ ఊరంతా చూస్తుండగానే ఊడబెరికారు. చెవిలో చెప్పడానికి మళ్లీ ఒక పెద్ద మనిషి కావలసి వచ్చింది.

నేను కాలేజీలో పని చేసినప్పుడు ఈ భాగాన్ని రెండుసార్లు పిల్లలకు వేసి చూపించాను. మొదటిసారి అయిపోయాక ఎవరూ లేవలేదు. ఆడపిల్లలు కొందరు ఏడుస్తున్నారు. వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచి, సార్, చుట్టూ అంతమంది ఉన్నారు కదా, చూస్తూ ఎందుకు ఊరుకున్నారు అని అడిగాడు. కోపంగా అడిగాడు. కొరడా పట్టుకున్నవాడి మీద లేని కోపం ఆ నిలబడ్డవాళ్ల మీద వచ్చింది వాడికి. తుపాకులున్నాయి నాన్నా, కదిలితే తర్వాతి వంతు వాళ్లదే అని ఏదో చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. ఇంటికెళ్లాక ఆలోచిస్తే నాకు తట్టింది. ఆ నిలబడ్డవాళ్ల వరసలోనే మనమూ ఉన్నాం. కెమెరా మనల్ని కూడా అక్కడే నిలబెట్టింది. 1977లో ఆ 10 కోట్ల మందీ నిలబడింది అక్కడే. వాడి ప్రశ్న మనకే. చూశాక ఏం చేశారు?

చాలామంది ఏడ్చారు. అది మొదటి సంగతి. నల్లజాతివాళ్లు కోపంతో రగిలిపోతారని, గొడవలవుతాయని అనుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఏడాదే పరిశోధకులు చూసినవాళ్లను అడిగితే, నల్లవాళ్లలోనూ తెల్లవాళ్లలోనూ ఎక్కువమంది చెప్పింది దుఃఖం కలిగిందనే. కోపం తర్వాతే. మంచివాళ్లంతా ఒక రంగు, చెడ్డవాళ్లంతా ఇంకో రంగు అన్నట్టు చూపించడం పక్షపాతమని, అది మంచిది కాదని అన్నవాళ్లలో రొనాల్డ్ రీగన్ ఒకరు. తర్వాత నాలుగేళ్లకు ఆయనే అధ్యక్షుడయ్యారు. దుఃఖం వచ్చినవాళ్లే కాదు, ఉక్రోషం వచ్చినవాళ్లు కూడా ఆ పది కోట్లలో ఉన్నారని గుర్తుంచుకోవాలి.

30కి పైగా నగరాలు ఆ వారాన్ని 'రూట్స్ వారం'గా ప్రకటించాయి. 250 దాకా కాలేజీలు, యూనివర్సిటీలు దీన్ని పాఠంగా పెట్టడానికి సిద్ధమయ్యాయి. కుంటా కూతురి పేరు కిజ్జీ. ఆ ఏడాది పుట్టిన చాలామంది ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. అప్పటిదాకా ఎవరూ పెద్దగా వినని పేరు, అమెరికాలో ఎక్కువమందికి పెట్టే వెయ్యి పేర్ల జాబితాలోకి ఆ ఏడాది వచ్చేసింది. మనిషి పేరు లాక్కోవడం చూసినవాళ్లు ఇంటికెళ్లి బిడ్డకు పేరు పెట్టారు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే స్పందన ఇదే.

దీని వెంటే ఇంకోటి జరిగింది. జనం తమ తాతముత్తాతల్ని వెతకడం మొదలుపెట్టారు. వాషింగ్టన్‌లోని జాతీయ దస్తావేజుల కార్యాలయానికి ఉత్తరాలు పోటెత్తాయి. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల చరిత్ర వెతికే సంఘం ఒకటి 1977లోనే వాషింగ్టన్‌లో పుట్టింది. వెతికినవాళ్లకి ఏమి ఎదురైందో చెప్తాను. అమెరికా జనాభా లెక్కల్లో విడుదలైన నల్లజాతి మనుషుల్ని అందర్నీ పేర్లతో రాసింది 1870లో. అంతకుముందు 1850లో, 1860లో బానిసల కోసం వేరే పట్టికలు రాశారు. పైన యజమాని పేరు ఉంటుంది. దాని కింద ఒక్కో వరుసలో వయసు, ఆడా మగా, రంగు. అంతే. పేరు గడి ఉండదు. 35, మగ, నలుపు. 30, ఆడ, నలుపు. 4, ఆడ, నలుపు. ఆ నాలుగేళ్ల పిల్ల మీ ముత్తవ్వ కావచ్చు, కాకపోవచ్చు. ఆ కాగితం ముందు కూర్చున్న మనవడికి అది చెప్పే దారి లేదు. అమెరికాలో వంశచరిత్ర వెతికేవాళ్లు దీన్ని '1870 గోడ' అంటారు. టీవీలో కొరడా ఒక రాత్రి చూశారు. ఆ గడి లేని పట్టికను చూసినవాళ్లు ఎంతకాలం నిద్రపోయి ఉండరో!

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. హేలీ మీద కేసు పడింది. హెరాల్డ్ కోర్లాండర్ అనే రచయిత తన నవల నుంచి భాగాలు తీసుకున్నారని కోర్టుకెళితే, 1978లో 6,50,000 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నారు. అవతలి పుస్తకంలోని భాగాలు తన పుస్తకంలోకి వచ్చాయని హేలీ ఒప్పుకున్నారు కూడా. ఆయన చెప్పిన వంశవృక్షం దస్తావేజులతో సరిపోవడం లేదని చరిత్రకారులు ఆ తర్వాత చూపించారు. కొందరు దీన్ని పట్టుకుని, చూశారా, అంతా అబద్ధం అంటారు. నేను అలా అనను, కానీ దాన్ని పక్కకి తోసెయ్యను కూడా. హేలీ చేసింది తప్పే. ఆ తప్పు వల్ల, నిజం వెతుక్కుంటూ బయల్దేరిన జనానికి మొదటి అడుగే కదిలిపోయింది. అయితే ఆ జనం వెతికి పట్టుకున్న కాగితాలు హేలీవి కావు. వాళ్ల వాళ్ల అవ్వలవి.

మన దగ్గరికి ఈ కథ టీవీ ద్వారా కన్నా ముందు పుస్తకంగా వచ్చింది. 'ఏడు తరాలు' అన్న పేరు పెట్టడం ఎంత గొప్ప ఆలోచనో చూడండి. మనం ఏడు తరాల మాట ఎప్పుడు ఎత్తుతాం? ఏడు తరాలు కూర్చుని తిన్నా తరగని ఆస్తి అంటాం. సంబంధం కుదిర్చేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటాం. ఆస్తి ఉన్నవాళ్ల మాట అది. ఏమీ లేనివాళ్లకి, మూడో తరం పేరే తెలియనివాళ్లకి ఆ మాటను ఇచ్చేశారు సహవాసి గారు.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. చిన్నప్పటి నుంచి ఒక దొర దగ్గర జీతం ఉన్నాడు, అప్పు కింద. తాత చేసిన అప్పో తండ్రి చేసిన అప్పో ఆయనకే తెలియదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది, అంటే అమెరికాలో ఈ సీరియల్ రావడానికి ఏడాది ముందు. చట్టం వచ్చాక కూడా ఆయన బయటపడ్డానికి చాలా ఏళ్లు పట్టింది. పేరు చివర ఉన్న 'అయ్య'ను కోసేసి 'గాడు' తగిలించి పిలిచేవాళ్లు. ఆయన తల నెరిశాక కూడా, దొర మనవడు, పదేళ్ల పిల్లాడు, అలాగే పిలిచేవాడు. నేను సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ అట్టలేని పుస్తకం తీసుకెళ్లాను. ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, ఆయన అడిగితే, పైకి చదివాను. కుంటా పారిపోవడం, పట్టుబడ్డం, కొట్టడం. ఏడుస్తాడేమో, ఆపేద్దామా అనుకుంటూ చదివాను. ఆయన చుట్ట ఆరిపోయింది, వెలిగించుకోలేదు. అంతా విని ఒకటే అడిగాడు.

"మల్ల ఉరికిండా?"

మళ్లీ పారిపోయాడా అని. దెబ్బల గురించి అడగలేదు. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో అడగలేదు. అవి ఆయనకు కొత్త కాదు.

మా కుర్రాడి ప్రశ్న బయట నిలబడి అడిగింది, ఈయన ప్రశ్న లోపలి నుంచి వచ్చింది. ఒకే దృశ్యం. నేను ఈ రెండు ప్రశ్నల మధ్యే ఇన్నేళ్లు తిరుగుతున్నాను.

ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న మీదే 2016లో అమెరికాలో ఇంకో సీరియల్ వచ్చింది, 'అండర్‌గ్రౌండ్' అని. 1857లో జార్జియా రాష్ట్రంలో ఒక తోట నుంచి ఏడుగురు పారిపోతారు. ఉత్తరాన స్వేచ్ఛ ఉన్న చోటికి 600 మైళ్లు. 'రూట్స్'లో పారిపోవడం మధ్యలో వచ్చి ఆగిపోతుంది, ఇక్కడ కథంతా అదే. చూసేవాళ్లు కూడా వేరేగా చూశారు. చేతిలో ఫోన్లు పట్టుకుని, సీరియల్ నడుస్తుండగానే ట్విట్టర్లో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, ఎవరు పట్టుబడతారో, ఎవరు మోసం చేస్తారో అని టెన్షన్ పడుతూ చూశారు. దుఃఖం ఒక్కటే కాదు. పరిగెత్తు అని అరిచారు. కొందరికి ఇది నచ్చలేదు, బానిసత్వాన్ని థ్రిల్లర్ చేస్తారా అన్నారు. నేను మా ఊరి పెద్దాయన పక్షాన ఉంటాను. పారిపోయినవాడి తెలివి, ధైర్యం, దారి తెలుసుకోవడానికి వాళ్లు పడ్డ పాట్లు చూపించకుండా, వీపు మీది చారలే చూపిస్తుంటే చూసేవాడికి జాలి అలవాటవుతుంది.

అందులో రెండో సీజన్లో ఒక భాగం మొత్తం హ్యారియెట్ టబ్‌మన్ మాట్లాడ్డమే. టబ్‌మన్ నిజంగా బతికిన మనిషి. 1849లో మేరీల్యాండ్ నుంచి తాను పారిపోయి, ఒక్కతే బయటపడి ఊరుకోకుండా, సుమారు 13 సార్లు వెనక్కి వెళ్లి 70 మంది దాకా బయటికి తెచ్చింది. ఆ పాత్రలో ఐషా హైండ్స్ ఒక సభ ముందు నిలబడి భాగమంతా తన కథ చెప్తుంది. వేరే దృశ్యాలు లేవు, గతంలోకి తీసుకెళ్లడాలు లేవు. టీవీ వాళ్లు ఇంత నమ్మకం ప్రేక్షకుడి మీద పెట్టడం అరుదు. ఆ సీరియల్‌ని రెండు సీజన్లకే 2017లో ఆపేశారు. చూసేవాళ్లు చాలా బాధపడ్డారు.

2021లో బ్యారీ జెంకిన్స్ తీసిన 'ది అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్' అనే సీరియల్ వచ్చేసరికి నల్లజాతి ప్రేక్షకుల్లో కొందరు ఇంక మా వల్ల కాదన్నారు. మా ముత్తాతల్ని కొట్టడం ఎన్నిసార్లు చూడాలి, ఎవరి కోసం చూడాలి అని అడిగారు. ఆ షూటింగులో నటీనటుల కోసం ఒక మానసిక నిపుణురాలిని పెట్టుకోవాల్సి వచ్చిందంటే ఆ దృశ్యాల బరువు తెలుస్తుంది. చూడను అనడం కూడా స్పందనే. వాళ్లని మనం తప్పుపట్టకూడదు. ఇవాళ ఇక్కడ కూడా, ఆ కొరడా దృశ్యం భరించలేమనుకున్నవాళ్లు మొహమాటపడకండి, లేచి వరండాలోకి వెళ్లండి. మంచినీళ్లు అక్కడే ఉన్నాయి.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఏడో తరం దాకా వెళ్లక్కర్లేదు, రెండో తరంలోనే ఉంది. 'రూట్స్' సీరియల్లో కిజ్జీని చిన్న వయసులోనే వేరే తోటకు అమ్మేస్తారు. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి తండ్రి ఉన్న తోటకు వస్తుంది. అప్పటికి కుంటా చనిపోయాడు. సమాధి మీద గుర్తుగా పెట్టిన చెక్క మీద 'టోబీ' అని ఉంటుంది. కిజ్జీకి చదవడం రాయడం వచ్చు. అసలు ఆమెను అమ్మేసిందే ఆ చదువు వల్ల. ఆ టోబీ అన్న పేరును గీకి కొట్టేసి, దాని పక్కన కుంటా కింటే అని రాస్తుంది. ఆ రాసిన చెయ్యి ఎంత నెమ్మదిగా కదులుతుందో, నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అది ఇవాళ రాదు, ఇంకా చాలా భాగాలు దాటాలి.

కుంటా ఓడ దిగాడని హేలీ చెప్పిన ఊరు మేరీల్యాండ్‌లోని అనాపోలిస్. ఆ రేవులో 1981లో కుంటా పేరుతో ఒక ఫలకం పెట్టారు. రెండు రోజులు తిరక్కుండానే ఎవరో రాత్రికి రాత్రి పీకి ఎత్తుకుపోయారు. ఊరివాళ్లు మళ్లీ ఇంకోటి చేయించి పెట్టారు. ఇప్పుడు అక్కడే హేలీ విగ్రహం కూడా ఉంది, ముగ్గురు పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పుస్తకం చదివి వినిపిస్తున్నట్టు.

సరే. ఇవాళ వేసే భాగం గంటన్నర పైనే ఉంటుంది. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి. కింద అక్షరాలు వేగంగా పోతాయి, అర్థం కాకపోతే పక్కవాళ్లను అడగండి, ఫరవాలేదు. అయిపోయాక ఉండాలనుకున్నవాళ్లు ఉండండి, మాట్లాడుకుందాం. కుంటా మళ్లీ ఉరికాడా లేదా అన్నది మూడో భాగంలో ఉంటుంది. అది వచ్చే ఆదివారం, ఇదే టైముకి. బాబూ, ఆ లైటు తీసెయ్.